ఇంటర్వెల్ కబుర్లు: నీళ్లు యాడున్నయ్ బిడ్డా?

ఈ వారం ఉత్తరాల కట్టలో అన్నిటికన్నా పైన మా ఊరి ఉత్తరం ఉంది. నారాయణఖేడ్ నుంచి. రాసింది డిగ్రీ చదువుతున్న కుర్రాడు. మామూలుగా ఆ వయసు వాళ్లు నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు. ఫలానా హీరో తరువాతి సినిమా ఎప్పుడు? ఫలానా హీరోయిన్ పెళ్లెప్పుడు? నాకు సినిమాల్లో చాన్సు ఎప్పుడు? మూడింటికీ నా దగ్గర జవాబు లేదని అందరికీ తెలుసు. అయినా అడుగుతారు, నేనూ ఏదో ఒకటి రాస్తాను. అదొక సరదా!

ఈ అబ్బాయి మాత్రం నా కుర్చీ కింద టపాకాయ పెట్టాడు. చదవండి.

"అన్నా! మా అక్కా బావా అమెరికాల ఉంటరు. వచ్చే ఏడాది అమ్మనూ నాన్ననూ పిలిపించుకుని, ఆర్‌వీ అనే ఇల్లు లాంటి బండి కిరాయికి తీసుకుని నేషనల్ పార్కు చూపిస్తరట. రాత్రిపూట ఆ బండి నిలుపుకోవడానికి ఏ క్యాంప్‌గ్రౌండ్ మంచిదో చూసిపెట్టమని నాకు చెప్పిండ్రు. యాభై ఫోటోలు పంపిండ్రు. అన్నీ మంచిగనే ఉన్నయి. నేను పుట్టినకాడికెల్లి షూటింగుల హీరోయిన్ కారవాన్ తప్ప అసుంటి బండి చూడలే. నాన్నకు షుగరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎట్ల ఎంచాలె?"

తమ్ముడూ, నువ్వు సరైన మనిషినే అడిగావు. నేను గొప్పవాణ్ణని కాదు. ఈ పరీక్ష నేను ఒకసారి తప్పి, రెండోసారి ప్యాసైనవాణ్ణి గనుక. ఆ ప్యాసు మార్కులు కూడా నావి కావు, మా అమ్మవి. ఆ కథే ఈ వారం కబుర్లు. సినిమా వార్తల కోసం పేజీ తిప్పబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఇందులోనూ ఫైటుంది, సెంటిమెంటుంది, అవుట్‌డోర్ లొకేషనుంది. హీరోయిన్ వయసే కాస్త ఎక్కువ, 72 ఏళ్లు.

ముందు బండి సంగతి. మన షూటింగుల్లో కారవాన్ అంటే తారలు మేకప్ వేసుకుని, ఏసీలో కూర్చుని, షాటు రెడీ అనగానే దిగే బండి. అది రాకముందు అవుట్‌డోర్‌లో నలుగురు ఆడవాళ్లు చీరలు తెరగా పట్టుకుంటే ఆ చాటున హీరోయిన్ బట్టలు మార్చుకునేది. ఆ రోజుల్లో యూనిట్ల వెంట తిరిగి వార్తలు రాసినవాణ్ణి నేను. అమెరికా ఆర్‌వీ ఆ కారవాన్‌కు పెద్దన్న. అందులో పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది, అన్నీ ఉంటాయి. కానీ ఒక రహస్యం ఉంది. ఆ ఇంటికి కాళ్లున్నాయి గానీ వేళ్లు లేవు. నీళ్లు, కరెంటు, మురుగు, ఈ మూడూ రాత్రి ఆగిన చోట దొరకాలి, లేదా మన వెంట మోసుకుపోవాలి. బండి కడుపులో మూడు తొట్లుంటాయి. మంచినీళ్లకు ఒకటి, వంటపాత్రలూ స్నానం చేసిన నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మొదటిది ఖాళీ అయినా కష్టమే, మిగతా రెండూ నిండినా కష్టమే. ఆ మూడు వసతులకూ గొట్టాలు, తీగ తగిలించుకునే చోటును అక్కడ ఫుల్ హుకప్ అంటారు. ఏమీ లేకుండా ఆగడాన్ని డ్రై క్యాంపింగ్ అంటారు. ఈ రెండు మాటలు గుర్తుంచుకో తమ్ముడూ, ఫోటోల్లో ఇవి కనిపించవు.

ఇక కథ. 2024లో అమ్మా నేనూ అమెరికా వెళ్లాం. నా మేనల్లుడికి అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పట్నంలో ఉద్యోగం. వాడు, మా కోడలుపిల్ల, అయిదేళ్ల బుడ్డోడు. అరిజోనా అనగానే నాకు 'మెకన్నాస్ గోల్డ్' గుర్తుకొచ్చింది. హైదరాబాదులో మార్నింగ్ షోలో చూసి, బయటికొచ్చాక వారం రోజులు రాళ్ల గుట్ట కనిపిస్తే చాలు బంగారముందేమోనని చూసిన బాపతు నేను. అందులో నీడ పడే ఆ పొడుగాటి రాతిస్తంభం అరిజోనాలోని కానియన్ డి షే లోయలో నిజంగానే ఉంది. "అమ్మమ్మా, నీకు గ్రాండ్ కానియన్ చూపిస్తా" అన్నాడు మేనల్లుడు. అమ్మకు ఆస్తమా. "కొండలెక్కేది లేదు గదా?" అంది. "లేదమ్మమ్మా, అంచుదాకా బస్సు పోతుంది. అంచున నిలబడి కిందికి చూడటమే" అన్నాడు.

పెద్ద ప్రయాణానికి ముందు రిహార్సల్ కావాలి గదా! జూన్‌లో ఒక శని, ఆదివారాలు ఆర్‌వీ అద్దెకు తీసుకున్నాడు. 28 అడుగుల బండి. ఫీనిక్స్ ఎండలో మనుషులు అప్పడాల్లా వేగిపోతారు, అందుకని చల్లగా ఉంటుందని కొండ మీద ఒక క్యాంప్‌గ్రౌండ్ ఎంచాడు. ఎలా ఎంచాడు? ఫోటో చూసి. నీలంగా చెరువు, చెరువులో కొండ నీడ, ఒడ్డున మంట చుట్టూ నవ్వుతున్న దంపతులు. వాల్ పోస్టర్ అదిరింది. నేనూ భేష్ అన్నాను. పేరు అడక్కండి, చెప్పను. తప్పు వాళ్లది కాదు, మాది. అక్కడ ఏముందో ఏం లేదో వాళ్లు రాసే పెట్టారు. మేమే చదవలేదు.

చేరేసరికి చీకటి పడింది. చెరువు కనిపించలేదు. మాకిచ్చిన చోటు ఒక పక్కకు వాలుగా ఉంది. చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేయాలని పుస్తకంలో ఉందట. చీకట్లో ఎవడికి తెలుస్తుంది? అలాగే పడుకున్నాం. అమ్మ పడక వాలుకు జారిపోతూ ఉంది. నీళ్ల కొళాయి అరఫర్లాంగు దూరం. కరెంటు లేదు. బండిలో జనరేటరుంది గానీ రాత్రిపూట నడపకూడదని అక్కడి నియమం. వెనకనుంచి గంటకో గూడ్సు రైలు కూత.

రాత్రి రెండు గంటలకు అమ్మకు ఆయాసం వచ్చింది.

ఇంటి దగ్గర ఆయాసం వస్తే మందు ఆవిరి పట్టే చిన్న మెషిన్ ఉంది, నెబ్యులైజర్. సంగారెడ్డిలో కొన్నాం. సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చాం కూడా. కానీ అది మన 230 వోల్టుల కరెంటుకు చేసిన మెషిన్. అమెరికా కరెంటు 120 వోల్టులు. ఆ రాత్రి అక్కడ ఆ 120 కూడా లేదు. మేనల్లుడు నియమాన్ని పక్కనపెట్టి జనరేటర్ వేశాడు. మెషిన్ మూలిగింది గానీ ఆవిరి రాలేదు. ఫోను తీశాడు, సిగ్నల్ లేదు. కోడలుపిల్ల అమ్మను నిలువుగా కూర్చోబెట్టి, వీపుకు దిండ్లు ఆనించి, చేతి పంపు మందును గొట్టం ద్వారా పీల్పించింది. అర్ధగంట పట్టింది. నేను ఏం చేశాను? అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. సినిమాల్లో ఇలాంటప్పుడు ఉరుములు, మెరుపులు, వీణ తీగ తెగడం చూపిస్తారు. అక్కడ అవేవీ లేవు. ఆకాశం నిండా చుక్కలున్నాయి. నాకు ఒక్కటీ అందంగా కనిపించలేదు.

తెల్లవారింది. అమ్మ తేరుకుంది. తలుపు తీసి చూస్తే ఎదురుగా చెరువు. ఫోటోలో ఉన్నదే. ఎవరూ చెరువు వైపు చూడలేదు. మేనల్లుడి ముఖం మూడోరోజుకే ఎత్తేసిన సినిమా ప్రొడ్యూసర్ ముఖంలా ఉంది. "ఇంక గ్రాండ్ కానియన్ వద్దు మామా. అమ్మమ్మను ఇంట్లోనే ఉంచుదాం" అన్నాడు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "ఎందుకు వద్దు? బండిది తప్పు కాదు బిడ్డా. ఇడిసిన జాగ తప్పు. ఏడుపాయల జాతరకు పోయినప్పుడు మీ తాత బండి ఎట్ల ఇడిసేటోడో మీ మామనడుగు."

నన్నడగమంది. నేను ఆ మాట మరిచిపోయి నలభై ఏళ్లయింది.

మెదక్ జిల్లా వాళ్లకు ఏడుపాయల గురించి చెప్పనక్కర్లేదు. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. శివరాత్రికి జాతర. నా చిన్నప్పుడు నారాయణఖేడ్ నుంచి గూడుబండి కట్టుకుని వెళ్లేవాళ్లం. ఒక రాత్రి దారిలో, రెండు రాత్రులు జాతరలో. నాన్న పొద్దు గూట్లో పడకముందే బండి ఆపేవాడు. "ఇంకో రెండు కోసులు పోవచ్చుగదా" అని ఎవరన్నా అంటే వినేవాడు కాదు. దిగి ముందు నీళ్లు చూసేవాడు. నీళ్లు దగ్గరుండాలి, కానీ ఒడ్డు మీద ఆపకూడదు, దోమలూ, రాత్రి నీళ్లకొచ్చే పశువులూ ఉంటాయి. తరువాత నేల. నిలబడి చూస్తే నేలంతా చదునుగానే కనిపిస్తుందని, గొంతుకూర్చుని చూసేవాడు. తరువాత గాలి ఎటునుంచి వీస్తోందో చూసి పొయ్యి ఎక్కడ పెట్టాలో అమ్మకు చెప్పేవాడు. తరువాత పక్క బండి వాళ్లెవరు, వాళ్లతో పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారా అని కనుక్కునేవాడు. ఇన్నీ అయ్యాకే ఎడ్లను విప్పేవాడు. గుడి ఎంత బాగా కనిపిస్తుందన్నది ఆయన లెక్కలోనే లేదు. "పొద్దున నడిసిపోయి సూస్తం గద" అనేవాడు.

ఆ మాట చెప్పగానే మేనల్లుడు కాగితం, కలం తీశాడు. అమ్మ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. మొదటి ప్రశ్న, "నీళ్లు యాడున్నయ్ బిడ్డా?" నారాయణఖేడ్‌లో ఎండాకాలం బిందె పట్టుకుని నిలబడ్డ ఏ ఆడమనిషైనా ఈ ప్రశ్నతోనే మొదలుపెడుతుంది. రెండు, "రాత్రి కరెంటుంటదా?" మూడు, "నేల సాపుగుంటదా?" నాలుగు, "మందు మనిషి ఎంత దూరం?" అయిదు, "పొద్దున సూసేదానికి ఎట్ల పోతం? బండి మల్ల కదిలించాల్నా?"

ఈ అయిదు ప్రశ్నలు పట్టుకుని గ్రాండ్ కానియన్ దగ్గరి చోట్లన్నీ వడపోశాం. తమ్ముడూ, నీకు పనికొచ్చే భాగం ఇక్కడినుంచే. కాగితం దగ్గర పెట్టుకో.

గ్రాండ్ కానియన్ 1919లో నేషనల్ పార్కు అయింది. దానికి రెండు అంచులున్నాయి, ఉత్తరం, దక్షిణం. ఉత్తరపు అంచు ఎనిమిది వేల అడుగుల పైన ఉంటుంది, చలికాలం మూసేస్తారు. దక్షిణపు అంచు సుమారు ఏడు వేల అడుగులు, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. మన నారాయణఖేడ్ రెండు వేల అడుగులకు కాస్త అటూ ఇటూ. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది. అందుకని ముందు డాక్టరును అడిగాం. ఆయన దక్షిణపు అంచు చాలన్నాడు. దారిలో ఒక రాత్రి మధ్య ఎత్తులో ఆగి వెళ్లమన్నాడు. అక్కడి కరెంటుకు పనిచేసే నెబ్యులైజర్ కొనుక్కోమన్నాడు. మొదటి రోజు మెట్లూ నడకా పెట్టుకోవద్దన్నాడు. ఉత్తరపు అంచు అక్కడే కొట్టేశాం.

దక్షిణపు అంచున పార్కు లోపల మూడు చోట్లు కనిపించాయి.

మొదటిది మాథర్ క్యాంప్‌గ్రౌండ్. దేవదారు లాంటి చెట్ల మధ్య, నీడగా, ఎంత బాగుంటుందో! ఫోటోలు చూసి నేను మళ్లీ పడిపోబోయాను. కానీ హుకప్పులు లేవు. జనరేటర్ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే వేసుకోవాలి. 30 అడుగులకు మించిన బండి పట్టదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రజంటకు ఇదే స్వర్గం. మా రాత్రి రెండు గంటలకు ఇది పనికిరాదు. కొట్టేశాం.

రెండోది డెజర్ట్ వ్యూ. తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చిన్నది, నిశ్శబ్దంగా ఉంటుంది, చలికాలం మూసేస్తారు. అక్కడా హుకప్పులు లేవు. పల్లెకూ దూరం. కొట్టేశాం.

మూడోది ట్రైలర్ విలేజ్. ఫోటోలో చూస్తే మన బస్ డిపోలా ఉంటుంది. బండి పక్కన బండి, మధ్యన తారురోడ్డు. కానీ ప్రతి బండికీ కొళాయి, కరెంటు పెట్టె, మురుగు గొట్టం ఉన్నాయి. 50 అడుగుల బండైనా ఒకవైపునుంచి వచ్చి ఇంకోవైపునుంచి వెళ్లిపోవచ్చు, వెనక్కి తోసే పని లేదు. నేల చదును. పక్కనే పార్కు వాళ్ల ఉచిత బస్సు ఆగుతుంది. ఆ బస్సెక్కితే చాలు, అంచుకు తీసుకుపోతుంది. బండి కదిలించక్కర్లేదు. అమ్మ ఆ ఫోటో చూసి, "గిదే" అంది. "అమ్మమ్మా, ఇందులో ఏం కనిపించదు" అన్నాడు మేనల్లుడు. "రాత్రిపూట నాకేం కనిపిస్తది బిడ్డా, కండ్లు మూసుకుంటగద!" అంది.

ఇక పార్కు బయట. గేటుకు దగ్గర టుసాయాన్ అనే చిన్న ఊరుంది. పల్లెకు పది, పన్నెండు కిలోమీటర్లు. లోపల దొరకకపోతే అదే మేలు. విలియమ్స్ అనే ఊరు ఇంకా చవక, కానీ వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. అక్కడ ఉంటే సూర్యోదయం చూడ్డానికి ఏ నాలుగింటికో ముసలామెను లేపాలి. ఆ రెండిటి మధ్య కైబాబ్ అడవిలో ఉచితంగా ఆగే వీలు కూడా ఉంది. డబ్బులూ లేవు, నీళ్లూ లేవు, కరెంటూ లేదు. ఉచితం అన్నమాట వినగానే మేనల్లుడి కళ్లు మెరిశాయి. అమ్మ వాడివైపు చూసింది. ఆ చూపుకు డైలాగు అక్కర్లేదు.

వారం మధ్య రోజుల్లో, సెప్టెంబరు చివర, ట్రైలర్ విలేజ్‌లో రెండు రాత్రులు దొరికాయి. హమ్మయ్య అనుకున్నాం. శుభం కార్డు వేయొచ్చనుకున్నాం.

అప్పుడొచ్చింది ఇంటర్వెల్ బ్యాంగ్!

ఆగస్టు 29న వార్త. గ్రాండ్ కానియన్ దక్షిణపు అంచుకు నీళ్లు తెచ్చే గొట్టం పగిలింది. లోపలి హోటళ్లలో రాత్రి బస ఆపేశారు. ట్రైలర్ విలేజ్‌కూ ఆ దెబ్బ తగిలింది. మిగతా క్యాంపుల్లో కొళాయిలు కట్టేసి, డ్రై క్యాంపింగ్ మాత్రమే అన్నారు.

ఆ గొట్టం కథ వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఉత్తరపు అంచు కింద ఒక ఊట ఉంది. ఆ నీళ్లను లోయలోకి దించి, నది దాటించి, దక్షిణపు అంచుకు చేర్చే గొట్టం అది. పొడవు ఇరవై కిలోమీటర్లు. 1970లో పూర్తయింది. 2010 నుంచి లెక్కేస్తే 85కు పైగా పెద్ద పగుళ్లు పడ్డాయని పార్కు వాళ్లే చెప్పారు. 2024 జులై నుంచి రెండు నెలల్లోపే నాలుగు చోట్ల పగిలింది. కొత్త గొట్టం పని నడుస్తోంది, 2027 నాటికి పూర్తి చేయాలన్నది లెక్క. లక్షల మంది ఫోటోలు తీసుకునే ఆ అంచు మీద ప్రతి కాఫీ కప్పూ, ప్రతి స్నానమూ ఆ ఒక్క ముసలి గొట్టం మీద వేలాడుతోందని ఏ పోస్టర్‌లోనైనా ఉందా? మా అమ్మ మాత్రం పోస్టర్ చూడకుండానే మొదటి ప్రశ్నగా అదే అడిగింది.

సెప్టెంబరు 5న బసలు మళ్లీ తెరిచారు. అయినా మేనల్లుడికి గుండె దడ. "మళ్లీ పగిలితే? రద్దు చేసి లాస్ వెగాస్‌లో హోటల్ తీసుకుంటా" అన్నాడు. రద్దు చేసేందుకు ఫోను కూడా చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ శాంతంగా అడిగింది, "మన బండిల తొట్టి ఎంత పడుతది?" "నూట యాభై లీటర్ల దాకా పడుతుందమ్మమ్మా." "మరి ఇంటికాడ నింపుకో. ఆడ వస్తె వచ్చె, రాకపోతె మన నీళ్లు మనకున్నయ్. జాతరకు పోయేటప్పుడు బండి కింద కాగు కట్టకుండ మీ తాత ఎన్నడన్న కదిలిండా?"

నేను ముప్పై ఏళ్లు షూటింగులు చూశాను. మంచి ప్రొడక్షన్ మేనేజర్లు కూడా ఇంతే. లొకేషన్‌కు డైరెక్టరు వెళ్లి సూర్యుణ్ణి చూస్తాడు. మేనేజరు వెళ్లి బావి చూస్తాడు. మేనేజరు సరిగ్గా చూడకపోతే మూడోనాడు డైరెక్టరుకు సూర్యుడూ దొరకడు, యూనిట్ తిరుగుబాటు చేస్తుంది గనుక.

అలా తొట్టి నింపుకుని, కొత్త మెషిన్ పెట్టుకుని, దారిలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు మధ్యాహ్నం మూడింటికే చేరాం. వెలుతురుండగానే. మేనల్లుడు దిగి గొంతుకూర్చుని నేల చూశాడు. తాతను వాడు చూడనే లేదు, వాడు పుట్టకముందే పోయారు. అయినా అచ్చం అలాగే కూర్చున్నాడు. అమ్మ కిటికీలోంచి చూసి ముఖం అటు తిప్పుకుంది. ఆ సీనుకు రీరికార్డింగ్ అవసరం లేదు.

ఆ రాత్రి చలి బాగా వేసింది. ఒంటిగంటప్పుడు అమ్మకు కొంచెం ఆయాసం వచ్చింది. నాకు పాత రాత్రి గుర్తొచ్చి కాళ్లు చల్లబడ్డాయి. కోడలుపిల్ల లేచి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కింది. మెషిన్ బుర్రుమంది. పది నిమిషాలు. అంతే. అమ్మ దుప్పటి కప్పుకుంటూ, "పండుకోండ్రి, పొద్దుగాల్ల లేవాలె" అంది. బయట ఎక్కడో ఎల్క్ దుప్పి అరిచింది. ఈల వేసినట్టుంటుంది దాని అరుపు. మగ దుప్పులకు అది జంట కోసం తిరిగే కాలమట. బెంచీ టిక్కెట్టు కుర్రాళ్లే అనుకోండి! పొద్దున చూస్తే మా బండి పక్కనే గడ్డి మేస్తోంది. దూరం నుంచే దండం పెట్టాం. దగ్గరికి పోవద్దని అక్కడ గట్టిగా చెబుతారు.

చీకటుండగానే బస్సెక్కాం. దిగాక చదునైన దారి. అమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా నడిచింది. అంచున ఇనుప కమ్మీ దగ్గర నిలబడ్డాం. ముందు ఏమీ లేదు, నల్లటి ఖాళీ. తరువాత ఒక్కొక్క కొండ కొసా ఎర్రబడుతూ వచ్చింది, మన టూరింగ్ టాకీసులో తెర మీద బొమ్మ మెల్లగా ఫోకస్‌లోకి వచ్చినట్టు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అడుగున ఎక్కడో సన్నని గీతలా కొలరాడో నది కనిపించింది. అమ్మ చెయ్యెత్తి చూపించింది.

"నీళ్లు గాడున్నయ్ బిడ్డా" అంది.

నేను నవ్వాను. బుడ్డోడు కూడా నవ్వాడు, ఎందుకో వాడికే తెలియదు.

సరే తమ్ముడూ, ఇక నీ సంగతి. నువ్వు రాసిన ఉత్తరంలో యాభై ఫోటోల మాట మధ్యలో ఉంది, నాన్న షుగరు, అమ్మ మోకాళ్లు చివర్లో ఉన్నాయి. ఆ వరస తిరగేయి. నాన్నకు ఇన్సులిన్ ఉంటే రాత్రంతా ఫ్రిజ్జు నడవాలి. ఆర్‌వీ ఫ్రిజ్జు గ్యాసు మీద నడుస్తుందా, కరెంటు మీదా, రెంటి మీదా అని అద్దెకిచ్చేవాళ్లను అడగమను. షుగరున్నవాళ్లు రాత్రి నాలుగుసార్లు లేస్తారు, గనుక మురుగు తొట్టి ఎన్నాళ్లకు నిండుతుందో అడగమను. అమ్మకు మోకాళ్లు గనుక బండి మెట్టెంత ఎత్తో, పైపడక ఎక్కాల్సిన పని ఉందో లేదో కనుక్కోమను. బస్సు ఆగే చోటు ఎన్ని అడుగులో కొలవమను. బండి పొడవు ముందు తెలుసుకుని తరువాత చోటు వెతకమను, చోటు తీసుకున్నాక బండి పట్టకపోతే రెండు అద్దెలూ బూడిదలో పోసినట్టే. మంచి చోట్లు ఆరునెలల ముందే నిండిపోతాయి, కాబట్టి తొందరపడమను. వెళ్లే వారం ముందు పార్కు వాళ్ల నోటీసు చూడమను. నీళ్లు ఇంటి దగ్గరే నింపుకోమను. ఇవన్నీ సరిపడ్డాక రెండు చోట్లు మిగిలితే, అప్పుడు నీ యాభై ఫోటోలు తీయి. అందంగా ఉన్నది ఎంచు. అందం వద్దని నేనెందుకంటాను? సినిమా పేజీలో రాసేవాణ్ణి!

"మాకు అమెరికాలో అక్కలూ బావలూ లేరు, మేమేం చేయాలి?" అని మిగతా పాఠకులు మూతి ముడుచుకుంటున్నారని నాకు తెలుసు. మన హైదరాబాదులోనే మూడు నేషనల్ పార్కులున్నాయి. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో హరిణ వనస్థలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి రావాల్సినవే, ఆర్‌వీ ఆపే చోట్లు లేవు. కేరళ వాళ్లు 2021లో కారవాన్ టూరిజానికి ప్రత్యేకంగా ఒక విధానమే పెట్టారు. మనకూ ఆ రోజు రావచ్చు. అందాకా మెదక్ దగ్గర పోచారం అభయారణ్యం ఉంది, నిజాం కాలంలో కట్టిన చెరువు, జింకలు, పక్షులు. నలుగురు స్నేహితులు వ్యాను మాట్లాడుకుని బయల్దేరేటప్పుడు రాత్రి అడవిలోనే ఉందామని హీరోయిజం చేయకండి. అటవీశాఖ వాళ్లు సరే అన్న చోటే ఆగాలి. ఆగేముందు వ్యానులో అందరికన్నా నీరసంగా ఉన్నదెవరో చూసి, వాళ్ల రాత్రికి ఏం కావాలో అడగండి.

అన్నట్టు, అమ్మ ఇప్పుడు నారాయణఖేడ్‌లోనే ఉంది. పక్కింటివాళ్లు "అమెరికాల ఏం చూసినవ్?" అంటే గ్రాండ్ కానియన్ గురించి రెండు మాటలు చెబుతుంది. ఆ ఇరవై కిలోమీటర్ల గొట్టం గురించి అరగంట చెబుతుంది.

ఈ ఉత్తరం రాసిన తమ్ముడూ, నీకు వీలైతే ఒక సాయంత్రం మా ఇంటికి వెళ్లు. నేను రాసిందానికన్నా ఆమె బాగా చెబుతుంది. చాయ్ కూడా ఇస్తుంది.

ఉంటాను మరి. వచ్చే వారం మళ్లీ ఇంటర్వెల్‌లో కలుద్దాం.